నన్ను ఖాళీ చేయించిన ఆఫీసర్

మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ ఇక లేర్రా" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిందట. అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గిన్నెలు సగం కడిగి వదిలేస్తున్నాను. కారు తీసి, ఎక్కడికెళ్లాలో తెలియక మళ్లీ పార్కింగ్‌లోనే పెడుతున్నాను.

కెనడాలో విండ్సర్ ఊరి బయట ఆయన కౌంటీ ఆఫీసర్. తుపాకీ ఉండదు. ఇళ్లూ షాపులూ రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో చూడటం, లేకపోతే ఆర్డర్ రాయడం ఆయన పని. స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఆ ఏడాది మేం ఒకే బేస్‌మెంట్‌లో పదకొండు మందిమి. ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసి ఏడుగురిని లైబ్రరీకి తరిమాం. "నలుగురమే సర్" అని ఇంగ్లిష్‌లో దబాయించింది నేనే. ఆ ఏడుగురూ మంచు బూట్లు తొడుక్కుని వెళ్లారు గానీ, ఇంటి నుంచి తెచ్చుకున్న హవాయి చెప్పులు గుమ్మం దగ్గర బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఆయన వాటిని చూసి, మొదటిసారి తెలుగులో అడిగారు.

"నలుగురికి పదకొండు జతలా నాయనా?"

తర్వాత కిటికీ కొలిచారు. "మంటలొస్తే ఇందులోంచి పిల్లి కూడా దూరదు" అని ఖాళీ చేయమని ఆర్డర్ రాశారు. మనవాడై ఉండి ఇంత పని చేస్తాడా అని తిట్టుకున్నాం. డ్యూటీ దిగాక తన కారులో తిప్పి మాకు గదులు వెతికిపెట్టిందీ ఆయనే. అప్పుడు థాంక్స్ కూడా చెప్పలేదు, అంత పొగరు నాకు.

నెల తర్వాత వెళ్లి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆంటీ పెసరట్టు వేశారు. అలా ఆ ఇంట్లో మనిషినయ్యాను. అక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చాక, "మీలాంటి ఉద్యోగానికే అప్లై చేస్తా అంకుల్, ఏం కావాలి?" అన్నాను.

"డిప్లొమా, లైసెన్సు, చలిలో నడిచే కాళ్లు, తిట్లు తినే ఓపిక. ఇవన్నీ వస్తాయిలే. చూసింది చూసినట్టు రాయడమే కష్టం."

ఆయన తన తప్పులు కూడా అలాగే రాసుకునేవారు. ఒకసారి పొరపాటున వేరే ఇంటికి నోటీసు అంటించి, మర్నాడు వెళ్లి సారీ చెప్పి, ఆ పొరపాటును రిపోర్టులో కూడా రాశారు.

నా అప్లికేషన్‌కు రిఫరెన్స్ లెటర్ కావాలని అంకుల్‌నే అడిగాను. శుక్రవారం ఆఖరు రోజు. గురువారం అంత్యక్రియలయ్యాక ఆంటీ ఒక కవరు ఇచ్చారు. "సోమవారం రాత్రి నీ కోసం టైప్ చేశారు. పొద్దున లేచి సంతకం పెడతానన్నారు."

"కలిసిన మొదటి రోజే ఇతను నాకు అబద్ధం చెప్పాడు. ఎవరూ అడగకుండానే వచ్చి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇతని మాటను నేనెప్పుడూ సరిచూసుకోలేదు" అని ఉంది అందులో. కారులో కూర్చుని ఏడ్చాను.

ఆయన సంతకం నాకు బాగా తెలుసు. గీయడానికి అర నిమిషం చాలు, ఎవరూ పట్టుకోలేరు. రాత్రంతా ఆ కాగితం చుట్టూ తిరిగాను. ఒక్క రోజు ముందు పెట్టి ఉండకూడదా అని పోయిన మనిషి మీద కోపం కూడా వచ్చింది.

ఈ ఉదయం సంతకం గీత కింద నా చేత్తో రాశాను: "సంతకం పెట్టేలోపే ఆయన కన్నుమూశారు." నా పేరు రాసి, స్కాన్ చేసి పంపించాను. పైన ఆయన సంతకం గీత ఖాళీగానే ఉంది.