హైడ్రోజన్‌కి కొత్త పెట్టిన రోజు

అరకు పక్క కొండ మీద బళ్లో నేను సైన్సు మాస్టార్ని. నాకు నోరు కాస్త ఎక్కువ. సముద్రం ఒడ్డున హైడ్రోజన్ ఫ్యాక్టరీలు వస్తాయని పేపర్లో చదివి, "అంత దూరం దేనికి? మన బళ్లోనే నీళ్లలోంచి నిప్పు తీసి చూపిస్తా" అని పిల్లల ముందు కోతలు కోసేశాను. హెడ్మాస్టారు విన్నారు. నా కిందటి ప్రయోగంలో ఆయన తువ్వాలు కాలింది.

"రేపు బడి తనిఖీకొచ్చే ఆఫీసరుగారి ముందు చూపించండి. ఈసారీ తుస్సుమంటే సైన్సు గది బియ్యం బస్తాలకిచ్చేస్తాను" అన్నారు.

ఆ గదిలో ఉన్నది ఒక బల్ల, ఒక పగిలిన భూతద్దం. అయినా అది నా గది. పోతుందంటే ఏడుపొచ్చింది.

పొద్దున్నే సోలార్ పలక ఎండలో పెట్టి, దాని వైర్లు సోడా ఉప్పు కలిపిన నీళ్లలో ముంచాను. ఒక వైరు దగ్గర పుట్టే హైడ్రోజన్ బుడగలు సీసాలో చేరి, పైపు గుండా బెలూన్‌లోకి వెళ్లాలి. బెలూన్ నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది. టిఫిను చేసొచ్చేసరికి బెలూన్ లేదు!

మా బళ్లో వంటామె పట్టుకుపోయిందట. ఈ కొండల్లో తొలి పంట అమ్మవారికి పెట్టనిదే ఎవరూ ముట్టరు. దాన్ని కొత్త పెట్టడం అంటారు. మామిడికీ, చిక్కుడుకీ, కొర్రలకీ కూడా ఉంది. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఆమె అమ్మవారి ముందు దణ్ణం పెట్టుకుని బెలూన్ మూతి వదిలేసింది. అది తుర్రుమని ఎగిరి మేక వీపు మీద పడింది.

"ఏం చేశావమ్మా!" అని అరిచాను.

"అలా అరుత్తారేటి మేస్టారూ? కొత్త ఎట్టకుండా ఎలా వాడేత్తారు?"

"అది పంట కాదు, గ్యాసు!"

"ఏదైతే ఏటి? ఇంతకుముందు ఈ ఊళ్లో పండిందా?"

తిట్టుకుంటూ ఇంకో బెలూన్ కట్టాను.

ఆఫీసరుగారు ఆఫీసర్లు వచ్చే వేళకే, అంటే రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అప్పటికి బెలూన్ మళ్లీ బత్తాయంత అయింది. నేను అగ్గిపుల్ల తీయగానే ఆయన, "ఆగండి. మొదట వచ్చిన గ్యాసు వదిలేశారా?" అన్నారు. ఒకప్పుడు కెమిస్ట్రీ లెక్చరరట. "సీసాలో గాలి దాంతో కలిసొస్తుంది. అంటిస్తే మొహం మీద పేలుతుంది."

ఆ ముక్క ఏటేటా బోర్డు మీద రాసేది నేనే. ఆ పొద్దున ఒక్కసారీ గుర్తురాలేదు. గుమ్మంలో నిలబడ్డ వంటామె వైపు చూశాను.

"వదిలేశామండీ" అన్నాను.

బెలూన్ మూతికి సన్నటి గొట్టం తగిలించి, దాని చివర అంటించాను. మంట ఎండలో కనపడలేదు గానీ, పైన పెట్టిన కాగితం భగ్గుమంది. పిల్లలు ఒకటే గోల. హెడ్మాస్టారు తువ్వాలు వెనక్కి దాచుకున్నారు.

"జాగ్రత్త తెలిసిన మాస్టారు. ఈ గదికి ఇంకో బల్ల ఇప్పించండి" అని హెడ్మాస్టారికి చెప్పి ఆఫీసరుగారు వెళ్లిపోయారు. నాకు సిగ్గేసింది.

గుమ్మంలోంచి వంటామె అడిగింది. "ఆ బాబు ఎవుర్ని మెచ్చుకున్నాడు మేస్టారూ?"

"నిన్నే" అని, పిల్లలందరి ముందూ జరిగింది చెప్పేశాను. నువ్వు వదలకపోతే నా మీసాలు మిగిలేవి కావన్నాను.

ఆమె వెంటనే అందుకుంది. "అయితే ఆ కొత్త బల్ల నాకిచ్చీండి. కూరలు కోసుకుంతాను."

ఇచ్చేశాను.