ఫరీద్ భాయ్‌కి జర్మన్ అర్థం కాదు

ఫరీద్ భాయ్‌కి జర్మన్ ఒక్కసారికి అర్థం కాదు. రెండోసారికీ కాదు. చెప్పేవాళ్ళు విసిగిపోయి చేతులతో సైగలు చేశాక, కాగితం మీద బొమ్మ గీశాక, అప్పుడు ఆయన ముఖంలో కాస్త వెలుగు వస్తుంది. ఈలోగా ఆయన అనే మాట ఒక్కటే. "నోఖ్ మాల్, బిట్టె. లాంగ్జామ్." ఇంకోసారి చెప్పండి, మెల్లగా, అని.

హైదరాబాద్ యాకుత్‌పురా నుంచి హైడెల్‌బర్గ్ వచ్చి, పిల్లల్ని ఇక్కడే పెంచి పెద్దచేసిన మనిషి ఆయన. ఆ పిల్లలు నిద్రలో కూడా జర్మన్‌లోనే పలవరిస్తారట. మరి తండ్రికి మాత్రం ఆ భాష ఎందుకు అంటలేదో నాకు బోధపడేది కాదు.

మా ఆఫీసు గురించి కొంచెం చెప్పాలి. ఆఫ్రికా దేశాల్లో తమ ఊరివాళ్ళను కూడగట్టి ఏదో ఒక మంచిపని నడిపిన యువతీ యువకుల్ని ఎంచి, స్కాలర్‌షిప్ ఇచ్చి, ఇక్కడ చదివించి, నాయకులుగా తిరిగి పంపడం మా సంస్థ పని. బ్రోషర్‌లో చూస్తే చాలా పెద్ద సంస్థలా ఉంటుంది. నిజానికి ఒక బేకరీ పై అంతస్తులో మూడు బల్లలు. ఒకదాని దగ్గర డైరెక్టర్ ఫ్రౌ వింక్లర్. ఇంకోదాని దగ్గర, వరంగల్ నుంచి మాస్టర్స్‌కి వచ్చి ఇక్కడే కుదురుకున్న నేను, రాజ్యశ్రీ. మూడో బల్ల దగ్గర ఎవరూ ఉండరు. అది ఫరీద్ భాయ్‌ది. కొత్తగా దిగిన విద్యార్థుల్ని ఆఫీసులకూ బ్యాంకులకూ డాక్టర్లకూ తిప్పడం ఆయన ఉద్యోగం.

ఒకసారి జాంబియా నుంచి వచ్చిన లెక్కల టీచర్‌ను అన్‌మెల్డుంగ్‌కి, అంటే మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించడానికి తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. కౌంటర్ దగ్గరావిడ గడగడా నిబంధనలు అప్పజెప్పింది. టీచర్ గంభీరంగా తలూపాడు. ఫరీద్ భాయ్ మాత్రం మొదలుపెట్టారు.

"ఇల్లు మారితే మళ్ళీ ఎవరు వచ్చి చెప్పాలి?"

"ఇతనే రావాలి."

"ఇంటి ఓనర్ చెబితే చాలదా?"

"చాలదు."

"నోఖ్ మాల్, బిట్టె."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం మీద రెండు ఇళ్ళు గీసింది. మధ్యలో సూట్‌కేస్ పట్టుకున్న మనిషిని గీసింది. ఫరీద్ భాయ్ ఆ బొమ్మను చాలాసేపు పరీక్షించారు.

"ఇతనెందుకు నవ్వుతున్నాడు?"

"ఇంకో ఇల్లు దొరికింది కాబట్టి," అంది ఆవిడ.

తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో అడిగాను. "ఆమె మొదటిసారే మంచిగ చెప్పింది గదా భాయ్. గన్ని సార్లు ఎందుకు అడిగిండ్రు?"

"సమజ్ కాలే బేటా. ఉమర్ అయితున్నది," అన్నారు ఆయన, కిటికీలోంచి నది చూస్తూ.

విద్యార్థుల హాస్టల్లో ఇంకా ఘోరం. చెత్త ఏది ఏ డబ్బాలో వేయాలో అక్కడి హౌస్‌మైస్టర్, అంటే హాస్టల్ బాగోగులు చూసే పెద్దాయన, కొత్తవాళ్ళను నిలబెట్టి వివరిస్తున్నాడు. టీ సంచి దగ్గర ఫరీద్ భాయ్ అడ్డం పడ్డారు.

"టీపొడి ఈ డబ్బాలో. కాగితం ముక్క ఆ డబ్బాలో. మరి మధ్యలో దారం?"

హౌస్‌మైస్టర్ ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆయన లోపలికెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. వచ్చాక ఫరీద్ భాయ్‌కి సమాధానం సగమే అర్థమైంది. దాంతో అరటి తొక్క నుంచి పాల డబ్బా దాకా అన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి. విద్యార్థులు నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నారు. హౌస్‌మైస్టర్ తరవాతి బ్యాచ్ వచ్చినప్పుడు ఫరీద్ భాయ్ కోసం ముందే ఒక కుర్చీ వేయించాడు.

ఇలా ఎంతకాలమైనా నడిచేదే. కానీ మా బోర్డు సభ్యుడొకాయన ఒకరోజు పని చూద్దామని ఫరీద్ భాయ్ వెంట తిరిగి, తల పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. "జర్మన్ రాని మనిషిని జర్మన్ ఆఫీసులకు పంపుతున్నారా?" అని అడిగాడు. ఫ్రౌ వింక్లర్ ఫరీద్ భాయ్‌ను పిలిచి, ఇకనుంచి బయటి పనులు రాజ్యశ్రీ చూస్తుందని చెప్పింది.

"నోఖ్ మాల్, బిట్టె," అన్నారు ఆయన.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ అడిగారు. మూడోసారి చెప్పేసరికి ఆవిడకే తన మాట మీద నమ్మకం సడలినట్టు కనిపించింది. కానీ నిర్ణయం నిర్ణయమే. ఫరీద్ భాయ్ మొదటిసారిగా తన బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ కుర్చీ ఎత్తు ఎలా సరిచేసుకోవాలో కూడా ఆయనకు తెలియదు.

నా మొదటి పని అబేనాను ఆసుపత్రికి తీసుకెళ్ళడం. అబేనాది ఘనా. వాళ్ళ ఊళ్ళో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళందరినీ సంఘం కట్టించి, మంత్రి ఎదుట నిలబడి మార్కెట్ షెడ్డు సాధించిన మనిషి. ఇంటర్వ్యూలో ఆమె గొంతు విని ఫ్రౌ వింక్లర్ రాసుకోవడం ఆపేసి వింటూ కూర్చుంది. ఇప్పుడు ఆ గొంతులోనే, థైరాయిడ్ గ్రంథి మీద గడ్డ. ఆపరేషన్ చేయాలన్నారు.

పెద్ద డాక్టర్ ఇంగ్లీషులో పలకరించి, అసలు సంగతికి వచ్చేసరికి జర్మన్‌లోకి జారిపోయాడు. నేను వెంటవెంటనే ఒక్క ముక్క పోకుండా అనువదించాను. అబేనా తలూపింది. "అర్థమైంది, థ్యాంక్యూ," అంది. ఆపరేషన్‌కి టెర్మిన్, అంటే తేదీ, కూడా దొరికింది. పని ఇంత సులువా అనుకుంటూ బయటికొచ్చాను.

ఆపరేషన్ రోజు అబేనా రాలేదు. ఫోన్ చేస్తే, చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోతున్నానని, టికెట్ చూడమని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఫ్రౌ వింక్లర్ అంతటి నిబ్బరమైన మనిషి కాఫీ కప్పు పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. ఫరీద్ భాయ్ లేచి కోటు వేసుకున్నారు. ఎవరూ ఆపలేదు. నేనూ వెంట వెళ్ళాను.

హాస్టల్లో ఆయన అబేనాకు ఏ హితవూ చెప్పలేదు. "నాకు ఒక సాయం చెయ్యాలి. అసలు ఆ డాక్టర్ ఏమన్నాడో రాజ్యశ్రీ చెప్పింది, నాకు ఎక్కలేదు. నాతో ఒక్కసారి రా, వినొద్దాం," అన్నారు ఇంగ్లీషులో. ఆయన బుర్ర సంగతి హాస్టల్లో అందరూ ఎరుగుదురు కాబట్టి ఆమె జాలిపడి బయలుదేరింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఆయనకు ఫోనొచ్చింది. ఎవరో ఇంటి ఏజెంటు, ఒక విద్యార్థికి ఇస్తానన్న గది ఇవ్వనంటున్నాడు. ఫరీద్ భాయ్ అవతలికి నడిచి మాట్లాడారు. నేను నీళ్ళ కోసం లేచి ఆయన వెనకగా వెళ్ళి అక్కడే ఆగిపోయాను. తడుముకోని జర్మన్‌లో చట్టం, సెక్షన్లు, మధ్యలో ఈ ప్రాంతపు యాసలో ఒక చమత్కారం. అవతలివాడు వాడిన ఒక మాట తప్పని దిద్దారు కూడా. గది దొరికింది.

"మీకు జర్మన్ వస్తదా భాయ్?"

"జర జర."

"జర జరనా? నాకే సగం సమజ్ కాలే."

ఆయన గొంతు తగ్గించారు. "వీళ్ళంత లీడర్లు బేటా. వాళ్ళ ఊర్ల పదిమందికి సమజ్ చేసి చెప్పెటోళ్ళు. నాకు సమజ్ కాలే అనాలంటె వీళ్ళకు నోరు రాదు. నాకేం పోయింది? నేనంటె అయిపాయె."

లోపల ఆయన విజృంభించారు. డాక్టర్ మొదటి వాక్యం పూర్తికాకముందే ఆపారు. "గొంతు కోస్తే మాట పోదా?"

"పోదు. నరం పక్కన జాగ్రత్తగా చేస్తాం."

"నోఖ్ మాల్, బిట్టె. ఏ నరం?"

డాక్టర్ బొమ్మ గీసి, మొదటి నుంచి మెల్లగా వివరించాడు. ఫరీద్ భాయ్ దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. "అంటే తరవాత ఈమె మేకలా అరుస్తుందా?"

అబేనాకు నవ్వొచ్చింది. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని సరిగ్గా తిప్పింది. "కాదు మిస్టర్ ఫరీద్. నరం ఇదిగో, వెనకుంది. చేసినంతసేపూ మెషీన్‌తో దాన్ని చూస్తుంటారు. కొన్నాళ్ళు గొంతు బొంగురుపోవచ్చు." అంతలో ఆమే ఆగి, డాక్టర్ వైపు తిరిగి, తడబడుతూనే జర్మన్‌లో అడిగింది. "కొన్నాళ్ళేనా? నేను మళ్ళీ మీటింగుల్లో మాట్లాడగలనా?"

అన్నాళ్ళూ ఆమెను తొలిచేస్తున్న ప్రశ్న అదే. గొంతు శాశ్వతంగా పోయే ప్రమాదం చాలా తక్కువని, కానీ అసలు లేదని తాను అననని డాక్టర్ మెల్లగా, నిజాయితీగా చెప్పాడు. ఆమె ఆ బొమ్మ మడిచి సంచిలో పెట్టుకుని, కొత్త టెర్మిన్ అడిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు కొన్ని వారాలు బొంగురుగా ఉండి తిరిగొచ్చింది. ఫ్రౌ వింక్లర్ ఫరీద్ భాయ్‌ను మళ్ళీ బయటి పనులకు పంపింది. ఎలా పని జరుగుతోందో తనకు తెలియదు గానీ జరుగుతోందని బోర్డుకు చెప్పింది. నేను నోరు విప్పలేదు.

ఇక అబేనాకు ఫరీద్ భాయ్‌ను చూస్తే ఒకటే దిగులు పట్టుకుంది. ఇంత మంచి మనిషి ఈ దేశంలో భాష రాకుండా ఎలా బతుకుతాడని. ఇప్పుడు ప్రతి శనివారం ఆయన్ను ఆఫీసులో కూర్చోబెట్టి జర్మన్ నేర్పుతోంది. ముందురోజు తాను గంటలకొద్దీ చదువుకుని మరీ వస్తుంది. ఆయన బుద్ధిగా పెన్సిల్ చెక్కుకుని కూర్చుని, తేలిక మాటల్లో కూడా తప్పులు చేస్తారు. ఆమె గట్టిగా కోప్పడుతుంది. ఆ గొంతు కింద బేకరీ దాకా వినబడుతుంది.

"ఇంకా ఎన్నాళ్ళు భాయ్ ఈ క్లాసులు?" అని మొన్న అడిగాను.

ఫరీద్ భాయ్ హోంవర్క్‌లో ఎక్కడ తప్పు పెట్టాలా అని చూసుకుంటున్నారు. "ఆమె పెద్ద జర్మన్ పరీక్ష పాసయ్యేదాక," అన్నారు.