గాలిలో ఎనభై ఆరు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. నేను నమ్మేది కొలతలను. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీటి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. నీటిలో ఆక్సిజన్‌ను శాతంలో చూపించే మీటరు ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది.

దాని సంగతి ఒకటి ముందే చెప్పాలి. నీటిలో ముంచకుండా గాలిలో పట్టుకుంటే అది వంద చూపించాలి. రోజూ అలా సరిచూసుకున్నాకే చెరువు గట్టు ఎక్కుతాను.

మా పాపకు మూడేళ్లు. నేను ఇంటికి రాగానే ఆ మీటరు బటన్ నొక్కి, "చేపలు బాగున్నాయా నాన్నా?" అని అడగడం దాని ఆట. అంకె చూసి, "వంద. బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అంటాను.

కిందటి వానాకాలంలో పాపకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. రెండు రాత్రులు ఇద్దరమూ నిద్రపోలేదు. మర్నాడు చెరువుల పని తప్పక వెళ్లి, అటునుంచి సంచితోనే వట్లూరులో మా ఇంటి దగ్గరి పిల్లల క్లినిక్‌కు వచ్చాను. నా భార్య సుజాత అప్పటికే పాపతో టోకెన్ తీసుకుని కూర్చుంది. డాక్టరుగారు ఇంకా రాలేదు.

ఏలూరులో పెద్ద ఆసుపత్రికి, ఎమర్జెన్సీకి తీసుకెళ్దామా అని అడిగాను.

"జ్వరానికి ఎమర్జెన్సీ ఏమిటండీ? సూదులు గుచ్చి అడ్మిట్ చేసేస్తారు. రాత్రంతా ఏడ్చింది, ఇప్పుడే కాస్త నెమ్మదించింది" అంది సుజాత.

నిజమే అనిపించింది. ఆ అలసటలో, కుర్చీలోంచి లేవకుండా ఉండేందుకు ఏ కారణమైనా నాకు సరిపోయేది.

పాప నా ఒడిలోకి వచ్చి, సంచిలోంచి మీటరు తీసి బటన్ నొక్కింది. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వారు. "చేపల డాక్టరాండీ మీరు? మా మనవణ్ణి కూడా చూసేయండి మరి."

"చేపలు బాగున్నాయా నాన్నా?"

ఎనభై ఎనిమిది.

పొద్దున సరిచూసినప్పుడు గాలిలో వందే చూపించింది. నీటిలో ముంచే ప్రోబ్ మూత తీసి చూశాను. అంతా సరిగానే ఉంది. చూస్తుండగానే ఎనభై ఏడు అయింది. చెరువులో అంకె అలా పడిపోతుంటే కారణం తరువాత వెతుకుతాం. ముందు నీటిని చిలికే ఏరేటర్లు తిప్పిస్తాం.

పాప గౌను పైకెత్తి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం గుంటలు పడుతోంది.

"పద" అన్నాను.

"డాక్టరుగారు వస్తే మన ముందు రెండు టోకెన్లేనండీ."

"పద, సుజాతా."

ఏలూరు ఎమర్జెన్సీలో నర్సు రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పాప వేలికి తగిలించింది. తెర మీద ఎనభై ఆరు వచ్చింది. సుజాత నా మోచేయి పట్టుకుని, దారిలో నేను తన చేతికిచ్చిన, ఇంకా వెలుగుతూనే ఉన్న మీటరు చూపించింది. దాని మీదా ఎనభై ఆరే.

పాపకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. తెర మీది అంకె మెల్లగా పెరగసాగింది. మీటరు మీద కూడా పెరుగుతోందో లేదో చూసే ధైర్యం నాకు చాలలేదు. ఆపేసి సంచిలో పెట్టాను.

"నిమోనియా. పిల్ల నెమ్మదించలేదండీ, ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది. ఇంకాసేపు ఆ టోకెన్ కోసం కూర్చునుంటే..." అని ఎమర్జెన్సీ డాక్టరుగారు అక్కడితో ఆపేశారు.

పాప కోలుకున్నాక మీటరును పరీక్షించాను. గాలిలో వంద. ఆక్సిజన్ తీసేసిన ద్రావణంలో సున్నా. లోపం లేదు. ఉంటే బాగుండేది. నీటిలో శాతం, రక్తంలో శాతం పొంతన లేని రెండు కొలతలు. ఆ రెండు అంకెలూ ఒకటి కావడానికి నాకు తెలిసిన శాస్త్రంలో కారణం లేదు. వెతకడం నేను మానలేదు.

చెరువులకు ఇప్పుడు వేరే మీటరు తీసుకెళ్తున్నాను. ఇది ఇంట్లోనే ఉంటుంది. పాప ఇప్పటికీ బటన్ నొక్కి చేపల గురించి అడుగుతుంది. నేను ముందు దాని ఊపిరి చూసి, ఆ తరువాతే అంకె చదువుతాను.