పుల్లమ్మ సంతకం

పుల్లమ్మను గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నేను నీళ్లు నములుతాను. ధర్మవరంలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. గోడలకు చెవులుంటాయో లేదో తెలియదు గానీ నాకు మాత్రం ఉన్నాయి. పెళ్లయి మా ఆవిడతో ఈ ఇంట్లో దిగిన నాటి నుంచీ ఆమె నోరు వింటూనే ఉన్నాను.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇల్లు ఆమె కష్టార్జితం. మొగుడు తాగి తాగి పోయాక, పట్టుచీరల మూట చంకనేసుకుని కదిరి, హిందూపురం తిరిగి గడప గడపకూ అమ్మింది. స్థలం తన పేరునే కొన్నది. ఇల్లు తన పేరునే కట్టింది. ముందు గదిలో గుంత తవ్వించి మగ్గం వేయించింది. కొడుకులు ఇద్దరు. పెద్దవాడు ఓబులేసు ఆ మగ్గం మీదే నేసీ నేసీ, నలభై నిండకుండా గుండె ఆగి పోయాడు. చిన్నవాడు మోహన్ హిందూపురంలో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య సుమతో అక్కడే కాపురం.

ఓబులేసు పోయాక ఆ గుంతలోకి అతని భార్య ప్రమోద దిగింది. పిల్లలు లేరు. పరిగిలో ఒక అన్న ఉన్నాడు, ఉన్నాడంటే ఉన్నాడు అంతే. పొద్దంతా నేత, సాయంత్రం అత్త కాళ్లకు నూనె. ఇంటికి వచ్చే కూలి డబ్బు అత్త చేతికి. ఆ పిల్ల గట్టిగా నవ్వగా నేను వినలేదు.

ఒకసారి మోహన్ తల్లినీ వదిననూ హిందూపురంలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఇల్లు పుల్లమ్మ సొంత ఆస్తి కాబట్టి, వీలునామా రాయకుండా ఆమె కన్ను మూస్తే అంతా కొడుక్కే పోతుందని, పిల్లలు లేని కోడలికి చిల్లిగవ్వ రాదని ఆయన విడమరిచి చెప్పాడు. ప్రమోద ముఖం పాలిపోయింది. పుల్లమ్మ ఆ ముఖాన్ని తేరిపార చూసింది. ఆ చూపును గురించి ప్రమోదే నాకు తరువాత చెప్పింది. అప్పుడు ఆమెకు దాని అర్థం తెలియలేదు.

వకీలు ఫీజు వినగానే పుల్లమ్మ చెంగు దులుపుకుని లేచింది. “నాలుగు గీతలు గీకేదానికి అంత దుడ్లా? వద్దులేప్పా” అని వచ్చేసింది. పాపం, ఫోన్‌లో వెతికి ఆన్‌లైన్ వీలునామా సంగతి కనిపెట్టింది ప్రమోదే.

“ఫోన్‌లోనే రాసుకోవచ్చంట అత్తా. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చంట. ఆఖర్న ప్రింటు తీసి, ఇద్దరు సాక్షుల ముందర నువ్వు సంతకం పెడితే చెల్లుతాదంట.”

అందులో పుల్లమ్మ చెవికెక్కింది ఒక్క ముక్కే: ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ఆ రోజు నుంచి మొదలైంది. పుల్లమ్మకు చదువు రాదు, సంతకం మటుకు వచ్చు. రాసేది ప్రమోదే.

“ఇల్లు ఎవురికి పెట్టినావు?”

“నాకే అత్తా. నువ్వు చెప్పినట్లే.”

“ఊఁ. ఉండనీ.”

మరునాడు మధ్యాహ్నం గోడ అవతల కంచం విసిరిన చప్పుడు. “రసంలో ఉప్పేసినావా, ఉప్పులో రసం పోసినావా? తీసెయ్ నీ పేరు. మోహన్ పేరు పెట్టు. పెట్టినావా? చదువు. గట్టిగా చదువు!”

ప్రమోద చదివేది. “నా ఇంటిని నా చిన్న కుమారుడు మోహన్‌కు...” తన కొంపను తన నోటితోనే ఇంకొకరికి అప్పజెప్పేది. సాయంత్రం కాళ్లు బాగా పిసికితే పేరు మళ్లీ ఎక్కేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మా ఆవిడ ఆ వేళకు టీవీ సౌండు పెంచేసేది.

“సంతకం ఎప్పుడమ్మా?” అని నేనే ఒకసారి అడిగాను.

“ఆషాఢం పోనీ అంటాండాది మామా.”

ఆషాఢం పోయింది. శ్రావణం పోయింది. సంతకం మాటెత్తితే, “పెడితే యముడికి ఆధార్ కార్డు ఇచ్చినట్లే గదనే” అని పుల్లమ్మ నవ్వేది. మా వీధిలో అందరం నవ్వాం ఆ మాటకు. అది నవ్వాల్సిన మాట కాదు.

పోయిన చలికాలం పుల్లమ్మ నీళ్లు పోసుకునే జాలాట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. ఉచ్చా దొడ్డీ అన్నీ ప్రమోదే ఎత్తిపోసింది. అప్పుడైనా ఆట ఆగిందా అంటే, ఆగలేదు. ఒక రోజు మగ్గం మీంచి చీర కోసి ఇవ్వాల్సిన తొందరలో ప్రమోద అన్నం కొంచెం ఆలస్యంగా పెట్టింది.

“తీసెయ్ నీ పేరు” అంది పుల్లమ్మ.

“తీయను.”

గోడ ఇవతల నేను చదువుతున్న పేపరు దించేశాను.

“ఏమంటివి?”

“తీయనంటి అత్తా. ఈ పొద్దే ప్రింటు తీయిస్తా. పక్కింటి నరసింహులు మామను పిలుస్తా. సంతకం పెట్టు.”

పుల్లమ్మ నవ్వింది. మంచంలో ఉన్న మనిషికి అంత నవ్వు ఎక్కడిదో! “పిచ్చి ముండా. కంప్యూటర్‌లో బుటా పువ్వు గీస్తే చీరొచ్చేస్తాదా? నేయాల గదా? నేసింది వేరే ఉండాదిలే. కండ్లు చూపించుకునేదానికని మోహన్‌తో హిందూపురం పోతి, గుర్తుందా? ఆ వకీలుతోనే వీలునామా రాయించి, వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి రిజిస్టరు చేయించేస్తి. ఇల్లు వానికే. ఆడి బాబయ్య దర్గాలో చదివించిన చక్కెర తెచ్చిస్తి గదా, నువ్వూ తింటివి. ఆ పొద్దే.”

మొదటి నుంచీ వకీలే అసలు, ఫోను ఆట. కొడుక్కి రాత, కోడలికి ఆశ. నా జీవితంలో చాలామంది దుర్మార్గులను చూశాను గానీ ఇంత ఓపిగ్గా దుర్మార్గం చేసినవాళ్లను చూడలేదు.

ప్రమోద ఏడవలేదు. మిగిలిన అన్నం తినిపించి, మూతి తుడిచి, బయటికొచ్చి మోహన్‌కు ఫోను చేసింది. “ఇల్లు నీకు రాసినారంట. అమ్మను ఎవురికి రాసినారో చూసుకోని, వచ్చి పిల్చుకోని పో.”

మోహన్ వ్యాను తెచ్చాడు. తల్లిని ఎక్కించాడు, ఇంటికి తాళం వేశాడు. “మగ్గం?” అని ప్రమోద అడిగితే, అది ఇంటితోపాటే వదినా అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ప్రమోద రెండు సంచులతో బయటపడి, శంకరప్ప మగ్గాల షెడ్డులో కూలికి నేయడానికి కుదిరింది.

హిందూపురంలో పుల్లమ్మ రోగం కుదిరింది. కాఫీ ఎప్పుడో ఎండెక్కాక వచ్చేదట. బట్టలు తడిసినా పిలిస్తే పలికే దిక్కు లేదు. “నన్ను సరిగ్గా చూడకపోతే ఇల్లు మీకు రాయను” అని బెదిరిస్తే సుమ నవ్విందట. “రాసేసినారు గదా అత్తమ్మా. రిజిస్టరు కూడా అయిపోయె. ఇంకేం రాస్తారు?”

అప్పుడు ప్రమోదకు ఫోన్లు మొదలయ్యాయి. “నీ పేరు పెట్టి తీసుకురాయే ప్రమోదా. ఈసారి నిజంగా సంతకం పెడతా. ఓబులేసు మీద ఒట్టు.”

చచ్చిన కొడుకు మీద ఒట్టు. ప్రమోద ధర్మవరంలోనే ఒక వకీలును అడిగింది. ముందు వీలునామా రిజిస్టరు అయినా సరే, తరువాత సాక్షుల ముందు సంతకం పెట్టిందే చెల్లుతుందని ఆయన చెప్పాడు. నేను పోవద్దన్నాను.

“నాకు ఇంకేముండాది మామా, ఆ ఇల్లు తప్ప?” అంది.

అందుకని నేను, శంకరప్ప సాక్షులుగా బయల్దేరాం. ప్రమోద ప్రింటు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రైల్లో పొడుగూతా ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

మోహన్ డ్యూటీలో ఉన్నాడు. పుల్లమ్మ సగం అయిపోయింది. దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. కాగితం చదవమంది. ప్రమోద చదివింది, “నా ఇంటిని నా పెద్ద కోడలు ప్రమోదకు...” కాగితం కింద అట్ట పట్టుకుని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నేను పెన్ను అందించాను. పుల్లమ్మ పెన్ను మొన కాగితం మీద ఆనించింది.

సుమ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. “అత్తమ్మా, ఏందది?”

పుల్లమ్మ తలెత్తి చూసింది. ఆ కళ్లలోకి ప్రాణం రావడం నేను స్వయంగా చూశాను.

“సుమా, కాఫీ పెట్టుకొస్తావా, నన్ను సంతకం పెట్టమంటావా?”

సుమ వంటింట్లోకి ఉరికింది. గిన్నెల చప్పుడు వినిపించింది. పుల్లమ్మ పెన్నుకు మూత పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు మడిచి దిండు కింద తోసుకుంది.

“ఇది ఈడనే ఉండనీ. పనికొస్తాది” అంది. “ప్రమోదా, నువ్వు వచ్చే వారం రా.”

శంకరప్ప చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు. ప్రమోద ఖాళీ అట్ట పట్టుకుని ఇంకా మోకాళ్ల మీదే ఉంది. లే అమ్మా పోదాం అని భుజం తట్టాను. ఆమె నా వైపు చూడలేదు.

“వచ్చే వారం ఏ పొద్దు రమ్మంటావు అత్తా?” అని అడిగింది.