అతుకు కనబడని ఊపిరి

తిరుత్తణిలో మా బ్యాండుకు ఒకప్పుడు ఎంత పేరుండేదంటే, మేము పెళ్లి ఊరేగింపులో వాయిస్తుంటే పక్క ఊళ్లో పెళ్లికూతురు కూడా లేచి బయలుదేరేది. నమ్మకపోతే నష్టం మీకే. అందులో నాది క్లారినెట్. మా మేనమామది బేసు, అంటే మనిషిని చుట్టుకుని భుజం మీద నోరు తెరిచే పెద్ద ఇత్తడి బాకా. మామూలు రోజుల్లో మగ్గం, ముహూర్తాల్లో బ్యాండు. మా నేతవాళ్ల వీధిలో బతుకు అలా నడిచేది.

డెబ్బైల చివర్లో మామకు ఆయాసం మొదలైంది. పాట మధ్యలో బేసు ఆగిపోయేది. ఆయన మళ్లీ అందుకునేసరికి పెళ్లికారు వీధి మలుపు తిరిగేది. బ్యాండు మాస్టరు శోళవరం నుంచి ఒక కండగల కుర్రవాణ్ణి చూసి పెట్టుకున్నాడు. మేము వాయించబోయే తిరువళ్లూరు బడి వార్షికోత్సవంలో మామ తడబడితే బేసు చేయి మారుతుందని అందరి ముందూ చెప్పేశాడు. మామ ఇంటికి పోయి బేసును చింతపండుతో తోమాడు. ఆ మెరుపు చూసి మా వీధి కోళ్లు తెల్లవారిందనుకుని కూశాయి.

ఆ బడి హెడ్మాస్టరుకు పాశ్చాత్య సంగీతమంటే ప్రాణం. సినిమా పాటలు వద్దంటూ ఒక సింఫొనీ రికార్డు పెట్టి, అందులో నిదానంగా సాగే భాగం వినిపించాడు. ఇలాంటివి నేను నిద్రలో కూడా రాసేస్తానని కోతలు కోసేశాను. ఇక రాయక తప్పలేదు. రికార్డు మీద ముల్లు వెనక్కి పెట్టి పెట్టి విని, ఒక్కొక్క వాద్యానికీ విడివిడిగా సరిగమలు రాశాను. మావాళ్లలో సగం మందికి నాలుక మీద తెలుగు, కంటికి తమిళం, కాబట్టి తమిళ అక్షరాల్లోనే రాశాను.

మొదటి సాధన రోజు ఇంకా సగం వాయించలేదు, వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది. మా వైపు బ్యాండు నిదానంగా మోగిందంటే శవం లేచిందని అర్థం. పూలమ్మే అక్క దండతో సహా వచ్చి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది. డప్పు వాయించే అన్నకు ఇందులో పనే లేదు. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నవాడు మామ వైపు చూసి, “ఇంకా ఎవురూ పోలేదక్కా, ఊపిరి ఒకటే పోతా ఉంది” అన్నాడు.

నిజమే. రికార్డులోని వయొలిన్ కమానుకు ఊపిరితో పని లేదు. అటు లాగి ఇటు తోస్తే స్వరం సాగుతూనే ఉంటుంది. బాకా అలా కాదు. ఆ పొడుగు స్వరాల దగ్గర మామ మొహం కందిపోయేది.

దారి నాకు మగ్గం దగ్గర దొరికింది. పోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు అయిపోతే, పాత పోగు కొస పక్కనే కొత్త పోగును కాస్త మేర కలిపి నేస్తాం. చీర విప్పి చూసినా అతుకు కనబడదు. స్వరాన్నీ అలాగే నేద్దామనుకున్నాను. బేసు ఊపిరి తీసుకోకముందే ట్రాంబోను సన్నగా వచ్చి చేరాలి. అది ఆగకముందే నా క్లారినెట్టు కింది స్వరంలో కలవాలి.

మామకు ఇది నచ్చలేదు.

“నా ఊపిరికి మీరంతా చేతికర్రలా? దానికంటే ఆ శోళవరమోణ్ణే పిలవండి.”

“నీకు ఒక్కడికే కాదు మామా, అందరికీ అతుకులే రాసినా. నాక్కూడా.”

“మరి చివరి స్వరం ఎవురికి రాసినావు?”

“అందరికీ. ఎవురి ఊపిరి ఎంతుంటే అంతవరకు.”

“సరి,” అన్నాడు మామ. “చూస్తాం.”

తిరువళ్లూరులో వార్షికోత్సవం సాయంత్రం ఒక్క అతుకూ బయటపడలేదు. శోళవరం కుర్రవాడు కొత్త కోటు వేసుకుని ముందు వరసలో కూర్చుని, మామ ఎప్పుడు ఆగుతాడా అని మెడ చాచి చూశాడు. మామ ఆగాడు, చాలాసార్లు. వాడికి తెలిస్తే కదా.

చివరి స్వరం వచ్చింది. అంతసేపూ మామ స్వరాలు మోసి మోసి మా అందరి ఊపిరీ అడుగంటింది. ముందు ట్రంపెట్లు రాలిపోయాయి, తరువాత ట్రాంబోను, ఆ తరువాత నేను. మధ్య మధ్య ఆగుతూ వచ్చిన మామ దగ్గర మాత్రం ఊపిరి నిండుగా మిగిలి ఉంది. బేసు ఒక్కటే మోగుతోంది. మాస్టరు ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. అరక్కోణం పోయే బండి స్టేషనుకు వచ్చింది, జనాన్ని దించింది, ఎక్కించుకుంది, కూత వేసి వెళ్లిపోయింది. స్వరం ఇంకా ఉంది. చివరికి మాస్టరే వంగి, “పోదుం మామా, చాలు” అని తమిళంలోనూ తెలుగులోనూ బతిమాలాడు. మామ కనుబొమ్మ ఒకటి ఎగరేసి, నేసిన చీరను మగ్గం మీద నుంచి దించినంత మెల్లగా ఆ స్వరాన్ని దించాడు.

హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. ఆయన వెనక బడి మొత్తం లేచింది.

తిరిగి స్టేషనుకు నడుస్తున్నప్పుడు తిరువళ్లూరు బజారు మమ్మల్ని చూసింది. చేతికర్ర తప్ప ఏనాడూ ఏదీ మోయని మా మాస్టరు బేసును భుజానికెత్తుకుని చెమటలు కక్కుతూ వస్తున్నాడు. ఆయనకు ముందు, ఆ కర్రను గిరగిరా తిప్పుకుంటూ మా మామ.