మాటకు ముందే పాస్టరమ్మ

మా పాస్టరమ్మ గారికి ఒకటే జబ్బు: ఎవరి మాటనూ వాళ్ళ నోటితో పూర్తి కానిచ్చేది కాదు. మీరు నోరు తెరిస్తే చాలు, మిగతాది ఆవిడ చూసుకునేది. పెళ్ళినాడు ప్రమాణం చేయించబోయిన ముసలి పాస్టరు గారు "ఈ పురుషుణ్ణి..." అన్నాడో లేదో, "చేసుకుంటాను, చేసుకుంటాను, తర్వాతది కానివ్వండి" అన్నదట.

ఆవిడ పేరు హ్యొన్ దొక్‌సున్. ఆదివారం పాస్టరమ్మ, మిగతా రోజుల్లో మా జేజు దీవి బడిలో రెండో తరగతి టీచరు.

"టీచర్, నాకు..."

"ఒంటికేగా, వెళ్ళిరా. గాలి జోరుగా ఉంది, గోడవైపు తిరుగు."

ఆ పిల్లవాడు అడగబోయింది పెన్సిలు. అయినా టీచరు చెప్పింది కదా అని బుద్ధిగా వెళ్ళొచ్చేవాడు.

ఆవిడ భర్త, మా పాస్టరు గారి గతి మరీ అన్యాయం. ఆయన ప్రార్థన చాలా నెమ్మది. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడంటే వెనక నుంచి "ఆమేన్!" అని ఖంగుమనేది. జనం కళ్ళు తెరిచి పుస్తకాలు సర్దుకునేవాళ్ళు.

"ఏమోయ్, నేనింకా రోగుల కోసం ప్రార్థించనేలేదు," అనేవాడు ఇంటికెళ్ళాక.

"రోగుల్ని నేను పొద్దున్నే చూసొచ్చానండీ. బాగానే ఉన్నారు."

ఇక నా గోడు వినండి. ఆ చర్చిలో కాళ్ళతో తొక్కే హార్మోనియం వాయించేదాన్ని నేనే. పాటలో ప్రతి లైనూ మేము ఎత్తుకునేలోపే పాస్టరమ్మ గట్టిగా అరిచి చెప్పేసేది. వెనక వరసల్లో కూర్చునే ఆడవాళ్ళేమో సముద్రం అడుగుకు మునిగి నత్తలూ నాచూ ఏరుకొచ్చే మనుషులు. వాళ్ళకు ఊపిరితో పనే లేదు. ఒక లైను పట్టుకున్నారంటే నా కాళ్ళు తిమ్మిరెక్కేదాకా వదలరు. ముందు ఆవిడ, వెనక వాళ్ళు, మధ్యన నలిగిపోయేది నేను!

"పాస్టరమ్మ గారూ, మీరు కాస్త వెనక్కి..."

"తగ్గను హ్వాజా. నువ్వే ఇంకాస్త గట్టిగా తొక్కు."

ఇలా ఉండగా చర్చి కట్టిన రోజు పండగ వచ్చింది. సియోల్ నుంచి పెద్ద పాస్టర్లు వస్తున్నారు. మా సంఘపెద్ద యాంగ్ గారు కమలాతోటల ఆసామి. ఆయన మీసం కూడా ఇస్త్రీ చేసినట్టుండేది. చర్చికంతటికీ కొత్త పాటల పుస్తకాలు కొనిచ్చాడు. "మా అమ్మ ఈ వయసులోనూ కళ్ళజోడు లేకుండా పుస్తకం చదువుతుంది" అని ఆయన చెప్పుకోని రోజు లేదు. వాళ్ళమ్మ మల్సున్ అవ్వ, మా దీవిలో సముద్రంలో మునిగేవాళ్ళందరికీ పెద్దక్క.

"పాస్టరమ్మ గారూ, పెద్దలొస్తున్నారు. మీరిలా అరిస్తే మన పరువు..."

"పోతుందంటారు. పోనివ్వండి."

"ఆ ఒక్క ఆదివారం మౌనంగా..."

"ఉండను."

"అయితే మిమ్మల్ని లోపల..."

"కూర్చోనివ్వరు. మంచిది, బయట కూర్చుంటాను."

పాస్టరు గారు గడ్డం పట్టుకుని బతిమాలాడు. "ఎందుకింత పంతం? కారణమన్నా చెప్పు."

"కారణం చెప్పేదయితే పంతమెందుకండీ?"

అన్నంత పనీ చేసింది. ఎముకలు కొరికే చలిగాలిలో, చర్చి కిటికీ కింద నత్తల బుట్ట బోర్లించుకుని కూర్చుంది. కిటికీలన్నీ బిగించేశారు. అతిథులకు కనపడాలని హార్మోనియాన్ని జనం వైపు తిప్పించిన యాంగ్ గారు, తనూ వాళ్ళ పక్కనే నిలబడ్డాడు. అలా మా ఇద్దరికీ మొదటిసారి జనం ముఖాలు కనిపించాయి. ముందు వరసలో ఇద్దరు కోడళ్ళ మధ్య మల్సున్ అవ్వ, ఒళ్ళో కొత్త పుస్తకం.

నేను వాయించాను. మగవాళ్ళు ఎత్తుకున్నారు. ఆడవాళ్ళ వైపు చడీచప్పుడూ లేదు. మళ్ళీ మొదటికొచ్చి వాయించాను. అవ్వ పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు.

అప్పుడు అవ్వ వేలు చూశాను. మా పాత పుస్తకాల్లో అక్షరాలు పైనుంచి కిందికి దిగేవి. కొత్త పుస్తకంలో అడ్డంగా సాగుతాయి. అవ్వ వేలు మాత్రం పైనుంచి కిందికే దిగుతోంది. వెనక వరసల్లో ఎన్ని వేళ్ళున్నాయో అన్నీ అలాగే దిగుతున్నాయి.

"అత్తయ్యా, ఎక్కడున్నాం?" అని చిన్నకోడలు పుస్తకంలోకి వంగింది. ఏ కెరటానికీ జడవని అవ్వ, ఆ కాగితం ముందు బెదిరిపోయింది.

యాంగ్ గారు తల్లి వేలు చూశాడు. గబగబా నడిచి వెళ్ళి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. గాలికి అతిథుల కాగితాలు ఎగిరిపోయాయి.

"కాస్త ఉక్కగా ఉందండీ," అన్నాడు. నోట్లోంచి పొగలొస్తున్నాయి.

ఆయన మాట ముగియకముందే బయటి నుంచి పాట మొదటి లైను లోపలికి దూకింది. ఆడవాళ్ళు టక్కున అందుకున్నారు. అవ్వ గొంతు అందరికంటే పైన! కోడలు సర్దుకుని కూర్చుంది. నేను బుద్ధిగా పాస్టరమ్మ వెనకాలే తొక్కాను.

"ఇదేం పద్ధతండీ?" అన్నాడు సియోల్ పాస్టరు.

"మా దీవి పద్ధతండీ. ఇక్కడ గాలి ఎక్కువ, ముందే చెప్పుకోవాలి," అన్నాడు యాంగ్ గారు మీసం సర్దుకుంటూ.

భోజనాల దగ్గర నేను ఉండబట్టలేకపోయాను. "పాస్టరమ్మ గారూ, అయితే అవ్వకి చదువు..."

"కళ్ళు మసకలు, పాపం. ముసలితనం కదా. పద పద, నాచు పులుసు చల్లారిపోతోంది."

బయటికి రాకూడని మాటను మధ్యలోనే పట్టుకుని, పరువైన తోక తగిలించి పంపేసింది. మహాతల్లి! ఇన్నాళ్ళూ నేను దాన్ని తొందర అనుకున్నాను.

ఆ వారం నుంచే ఒడ్డున చలిమంట దగ్గర, మునకకు ముందు, అక్షరాల బడి మొదలైంది. కట్టెలు యాంగ్ గారివి. అవ్వ పాటలు చదివే స్థాయికి వచ్చింది. పాస్టరమ్మ మాత్రం ముందు అరవడం మానలేదు.

"ఇప్పుడెందుకండీ ఇంకా?"

"అలవాటైపోయింది హ్వాజా!"

నిండు వయసు బతికి, మొన్న చలికాలంలో ఆవిడ వెళ్ళిపోయింది. సమాధి దగ్గర ప్రార్థనకు కుర్ర పాస్టరు వచ్చాడు. కొత్తవాడు, పాపం మంచివాడు. పెద్ద ప్రార్థన ఎత్తుకుని, మధ్యలో ఊపిరి కోసం ఆగాడు.

"ఆమేన్!" అన్నారు ముసలమ్మలంతా ఒక్క గొంతుతో.

ఆయన కంగారుగా కళ్ళు తెరిచి నావైపు చూశాడు. "అమ్మా, ప్రార్థన ఇంకా..."

"అయిపోయింది బాబూ, పాట ఎత్తుకోండి," అన్నాను.