మేకు కొట్టకూడని ఇల్లు

"ఎవరడిగినా మీరు మా ఆడపడుచని చెప్పండి మేడమ్‌గారూ" అంటూ మా ఓనరు సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. మా ఇల్లంటే ఆవిడ ఇల్లే. బందరు శివార్లలో ప్రభుత్వం కట్టించి ఇచ్చిన అపార్ట్‌మెంట్లలో రెండో అంతస్తు ఫ్లాటు. కాగితాల మీద ఆవిడది. కాపురం ఉంటున్నది నేనూ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయీ.

ఈ ఫ్లాట్లు అద్దెకివ్వకూడదు. ఇచ్చినట్టు తేలితే రద్దు చేస్తారనీ, మర్నాడు ఇంటింటికీ వచ్చి చూస్తారనీ వార్త పొక్కింది. రద్దయితే ఆవిడకి ఇల్లు పోతుంది. మేం సామానుతో రోడ్డున పడతాం, అదీ మా అమ్మాయి పబ్లిక్ పరీక్షల మధ్యలో.

ఆవిడ చేతిసంచిలోంచి రెండు చీరలు తీసి, తడి లేకపోయినా మా దండెం మీద ఆరేసింది. తర్వాత పాత పేపర్లో చుట్టిన ఫొటో బయటికి తీసింది. మీసాలాయన, మెడలో ప్లాస్టిక్ దండ.

"మా ఆయనండి. ఇల్లు నాదంటే గోడ మీద ఈయనుండాలి కదండీ."

మేకు కూడా వెంట తెచ్చుకుంది.

ఇన్నేళ్ళ అద్దె బతుకులో నేను ఓనర్లతో పోట్లాడని విషయం లేదు. మోటారు ఎంతసేపు వెయ్యాలి, చుట్టాలు ఎన్నాళ్ళుండాలి, గేటుకి తాళం ఎన్నింటికి పడాలి. నేను నోరు మూసుకుని ఉంటే గుడివాడలో ఒక ఇల్లూ, బందరులో రెండిళ్ళూ మిగిలేవని మా అమ్మాయి దెప్పుతుంది. కానీ ఒక్క విషయంలో ఓనర్లందరిదీ ఒకే మాట: గోడకి మేకు కొట్టకూడదు. తాళాలిచ్చేటప్పుడు ఈవిడా అదే అంది. అందుకని మా క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడుతోంది. ఇప్పుడు నా పచ్చడిబండ అందుకుని తనే ఠంగు ఠంగుమని కొట్టింది.

"మరి నన్ను కొట్టద్దన్నారు?"

"మీరు కొడితే గోడ పాడైపోద్దండి" అంది, ఎక్కడా నవ్వకుండా.

ఆవిడ చేపలమ్ముతుంది. హార్బరు దగ్గర వేలంపాటలో కొని, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ రాత్రి అన్నం పెడితే కంచం తీసుకుని గడప పక్కకి జరిగింది. లోపలికి రమ్మంటే "ఇక్కడ గాలొస్తుందండి" అంది.

నాకు ఉండబట్టలేదు. "ఇంత ఇల్లు పెట్టుకుని హార్బరు దగ్గర ఆ రేకుల గదిలో అద్దెకెందుకుంటారండీ?"

"బోట్లు తెల్లారకముందే వస్తాయండి. పాట అప్పుడే అయిపోద్ది. ఇక్కణ్ణుంచి ఆ టైముకి ఏ ఆటోవాడొస్తాడు? వచ్చినా వాడికిచ్చాక నాకేం మిగులుద్ది?"

"మరి ఆ గది అద్దె?"

"మీరిచ్చేదేనండి. మీరిటు ఫోన్లో కొట్టగానే నేనటు కొట్టేస్తా."

"అంటే నేను మీ ఓనరుకి కడుతున్నానన్నమాట!"

"మనిద్దరికీ ఆయనే ఓనరండి."

పోర్టు పనులు మొదలయ్యాక బందరులో అద్దెలు నా ప్రైవేటు కాలేజీ జీతానికి అందకుండా పోయాయి. అద్దె కట్టుకోలేని వాళ్ళకి సాయం చేసే పథకం ఏదైనా ఉందా అని నేను అడగని ఆఫీసు లేదు, వాదించని గుమాస్తా లేడు. ఇల్లు ఇస్తారట గానీ అద్దెకి సాయం ఉండదట. ఆవిడకి ఇల్లిచ్చారు, పనికి దూరంగా. నాకు పని ఉంది, ఇల్లు లేదు. మాకు మేమే ఆ పథకం అయి బతుకుతున్నాం.

మా ఒక్కళ్ళదే కాదు ఈ ఏర్పాటు. ఆ పూట మెట్ల నిండా చుట్టాల్లా దిగిన ఓనర్లే. పామర్రు నుంచి దిగిన ఒకావిడ, తన ఫ్లాటు ఏ అంతస్తులో ఉందో మా అమ్మాయినడిగి తెలుసుకుంది.

పడుకునే ముందు అన్నీ అనుకున్నాం. కరెంటు బిల్లు ఎవరి పేరునుంది, రేషను ఎక్కడ తెచ్చుకుంటారు, మా అమ్మాయి ఆవిణ్ణి ఏమని పిలవాలి. నాతో మాత్రం ఆవిడ 'అండీ' మానలేకపోయింది.

మర్నాడు పొద్దెక్కాక తలుపు కొట్టారు. వచ్చింది నా వయసావిడే. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు. మా ఓనరు తలుపు తీసి, దారిచ్చి, తను వరండాలోకి వెళ్ళిపోయింది. అక్కడే గడప అవతల గొంతుక్కూర్చుంది. గంప దించి కూర్చునే తీరది. ఆఫీసరమ్మ కుర్చీలో కూర్చుని వెనక్కి తిరిగి చూసింది.

"ఇల్లెవరిదమ్మా?"

"నాదేనండి."

"నీదైతే గడప అవతల కూర్చున్నావేంటి?"

మా ఓనరు లోపలికొచ్చి గోడవారగా నిలబడింది.

"ఉక్కగా ఉంది, కాస్త ఫ్యాను వెయ్యి."

ఒక స్విచ్చి నొక్కింది. లైటు వెలిగింది. ఇంకోటి నొక్కింది. ఏమీ కాలేదు. మా అమ్మాయి లేవబోతే కళ్ళతోనే ఆపాను. చివరికి ఫ్యాను తిరిగింది. ఆఫీసరమ్మ చూపు నా మీదికి తిరిగింది.

"మీరేమవుతారు?"

"ఆడపడుచుని. లెక్చరర్‌గా చేస్తున్నాను."

నన్నోసారి చూసింది, ఆవిణ్ణోసారి చూసింది, గోడ మీద ఫొటో చూసింది. "సొంత అన్నయ్యేనా?"

"సొంతమే."

"ఎలా పోయారు?"

అన్నీ అనుకున్నాం, ఇదొక్కటీ అనుకోలేదు. జ్వరమా? గుండె జబ్బా? సముద్రమా? ఒక్క మాట తప్పితే ఇద్దరి నీడా పోతుంది. మా అమ్మాయి పుస్తకంలో పేజీ తిప్పడం ఆపేసింది.

"దాన్నడుగుతారేంటండీ!"

మా ఓనరు అరిచిన అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. "అన్న పోతే చూట్టానికైనా రాలేదు మా ఆడపడుచు. దానికేం తెలుసు?"

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ పైన నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

"కబురు పెట్టావా? పెడితే రాకపోదునా?"

"పెడితేనే వచ్చారా ఊళ్ళో జనం?"

"ఊళ్ళోవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. నేను గుడివాడలో ఉన్నాను. ఫోన్‌కైనా నోచుకోలేదా నేను?"

"ఇప్పుడు నోచుకున్నావుగా! పిల్ల చదువంటా దిగావు. నా ఇంట్లో నీ బీరువా, నీ మంచం, నీ పుస్తకాలు. నాకు కూర్చోటానికి గడప తప్ప చోటేది?"

ఆ మాట ఎక్కడో తగలాల్సిన చోటే తగిలింది. ఒళ్ళు మండింది. "ఊరికే ఉంటున్నానా? నెలనెలా నీకు..."

నాలిక కరుచుకున్నాను. ఆఫీసరమ్మ తలెత్తింది. "నెలనెలా ఏంటి?"

"బియ్యం తెచ్చి పడేస్తదిలెండి" అంది మా ఓనరు. "అదీ దెప్పుద్ది, చూశారుగా."

"అబ్బబ్బ, ఆపండమ్మా! మా ఇంట్లో ఆడపడుచుతో పడేది చాలదా నాకు?"

ఆఫీసరమ్మ మా ఓనరుని ఆ ఫొటో కింద నిలబెట్టి ట్యాబులో ఫొటో తీసుకుంది, వేలిముద్ర వేయించుకుంది. గుమ్మం దాటుతూ ఆగింది. "మళ్ళీ వస్తాం. అప్పటికి ఫ్యాను స్విచ్చి ఏదో తెలుసుకునుండమ్మా."

చెప్పుల చప్పుడు పై అంతస్తుకి వెళ్ళేదాకా ముగ్గురం కదల్లేదు.

మా ఓనరు దండెం మీది చీరలు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఏమీ అనుకోకండి మేడమ్‌గారూ. నోటికొచ్చినట్టు అనేశాను."

కాఫీ ఇచ్చి అడిగాను. "ఇంతకీ ఎలా పోయారండీ?"

"గుండెపోటండి. ఆస్పత్రి నుంచి తీసుకొస్తే ఓనరు గేటు తియ్యలేదు. అద్దె కొంపలోకి శవాన్ని రానివ్వరు కదండీ. రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి పడుకోబెట్టాం. వానండి ఆ రోజు. ఆ తర్వాతే ఈ ఇంటికి అప్లికేషన్ పెట్టాను."

"ఏ ఓనరు? ఇప్పుడున్న ఆయనేనా?"

"ఇంకెవరండి? హార్బరు పక్కన ఇంకో గదెక్కడ దొరుకుద్ది?"

నేను నెలనెలా ఫోన్లో కొట్టే డబ్బు ఆ గేటు లోపలికే పోతోందన్నమాట. ఎంత కోపం వచ్చినా ఎవరి మీద అరవాలో తెలియలేదు.

గడప అవతల చెప్పులేసుకుంటూ అడిగింది. "ఫొటో తీసుకుపోనా? మీకిబ్బందేమో."

"ఉండనివ్వండి. మళ్ళీ వస్తామన్నారుగా."

అక్కణ్ణుంచే ఒకసారి తలెత్తి ఆయన వంక చూసి, బస్సుకి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి ఆ ఫొటో కిందే కూర్చుని మిగిలిన పరీక్షలకి చదివింది. క్యాలెండరు ఇప్పటికీ కిటికీ ఊచకే ఉంది. మొన్న గుడివాడ నుంచి మా అసలు అన్నయ్య వచ్చాడు. మంచం మీద కూర్చుని, గోడ వంక చూసి "ఎవరే ఈయన?" అన్నాడు.

"ఓనరుగారు" అన్నాను.